మూడో పంపు దగ్గర నవ్వలేదు

మార్చి 4, మంగళవారం

ఉదయం పదకొండు నలభైకి మూడో పంపు ఆవిడని ఉద్యోగంలోంచి తీసేశారు. పదకొండు నలభై రెండుకి నాకు మెసేజీ వచ్చింది. "బస్ డిపో పక్క బంకు, మూడో పంపు: మీ నివేదిక ఆధారంగా సిబ్బందిని తొలగించాము. ఫైలు మూసివేశాము. ధన్యవాదాలు."

ఇరవై రెండేళ్ళు పేపర్లో పనిచేశాను. ఊళ్ళో మురుగుకాలువల మీద పదకొండు వార్తలు రాస్తే ఒక్క కాలువకీ మూత పడలేదు, చివరికి పేపరే మూతపడింది. ఇప్పుడు పెట్రోల్ బంకులో ఒకావిడ నవ్వలేదని రాస్తే మూడు రోజుల్లో చర్య! నా కలానికి ఇంత బలముందని ముందే తెలిసుంటే కాలువలు నవ్వడం లేదని రాసేవాణ్ణి.

మధ్యాహ్నం సర్టిఫికెట్టు కూడా వచ్చింది. ఈ మూడు నెలలకి ఉత్తమ రహస్య కస్టమరుని, అంటే మామూలు కస్టమరులా బంకులకెళ్ళి సిబ్బందికి మార్కులేసి సంస్థకి పంపేవాళ్ళలో మొదటివాణ్ణి, నేనేనట. పేరు ఉండాల్సిన చోట 417 అని ఉంది. గోడకి తగిలించకూడదు, ఎవరికీ చూపించకూడదు. బీరువాలో శీతాకాలం బట్టల కింద పెట్టమని మా ఆవిడ సలహా ఇచ్చింది. "అక్కడైతే నేను కూడా చూడను" అంది.

ఒప్పందం ప్రకారం ఈ డైరీ కూడా నేరమే.

మార్చి 1 నాటి రిపోర్టు నకలు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. ప్రత్యేకంగా కారణమేమీ లేదు. అలవాటు.

"బస్ డిపో పక్క బంకు. ఉదయం 10.15కి ప్రవేశం. మూడో పంపు. మహిళ, వయసు నలభై పైన. టోపీ ఉంది. పలకరింపు లేదు. నవ్వలేదు. సున్నా చూడమని చెప్పలేదు. గన్ను తీయకుండా 'ఇక్కడొద్దు సార్, రెండోదాంట్లో పోయించుకోండి' అన్నారు. ఇక్కడే కావాలంటే మళ్ళీ అదే మాట అన్నారు. మూడు లీటర్లు పోశారు. బిల్లు అడిగితే ఇచ్చారు. ఇస్తూ 'రెండోదాంట్లో అన్నాను కద సార్' అని మూడోసారి అన్నారు. 17వ ప్రశ్న, అమ్మకాన్ని ప్రోత్సహించారా: లేదు, నిరుత్సాహపరిచారు. బాత్రూంలో సబ్బు ఉంది. అద్దం మీద మరకలు లేవు. గాలి కొట్టారు. నూటికి నలభై ఒకటి."

ఒక్క విశేషణం లేదు. అన్నీ వాస్తవాలు.


మార్చి 5, బుధవారం

పొద్దున టీ దగ్గర మా ఆవిడ సర్టిఫికెట్టు సంగతి వాళ్ళ నాన్నకి చెప్పేసింది. రహస్యం అరపూట నిలిచింది.

మామగారు తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరు. రిటైరైన రోజు ఆఫీసు వాళ్ళు గోడగడియారం ఇస్తామంటే వద్దని, పక్కన పడేసిన ఐదు లీటర్ల కొలత డబ్బా అడిగి తెచ్చుకున్నారు. ఆరేళ్ళుగా మా కుండీలకి దాంతోనే నీళ్ళు పోస్తున్నారు. మా మొక్కలకి తాగింది ఎంతో చుక్కతో సహా తెలుసు.

రిపోర్టు చదవమన్నారు. చదివాను.

"రెండోదానికి ఎందుకు పొమ్మంది అల్లుడు గారూ?"

"బద్ధకం మామయ్య గారూ. పక్క పంపులో వాడెవడో ఖాళీగా ఉన్నాడు, అటు తోసేద్దామని."

"ఆవిడ చెప్పిందా, మీరు అనుకున్నారా?"

"అనుకున్నాను."

"ఎందుకమ్మా అని అడగలేదా?"

"ఫారంలో లేదు."

"ఫారంలో మొత్తం ఎన్ని?"

"ఇరవై ఎనిమిది."

"వాటిలో లీటరంటే లీటరు పడిందా అన్నది ఎన్నోది?"

లేదు. ఏడాదిగా ఎనభై ఆరుసార్లు బంకులకెళ్ళాను, లేదన్న సంగతి ఈ రోజు గమనించాను.

"అద్దం గురించి?"

"రెండున్నాయి. ఉందా, మరకలున్నాయా అని."

"బావుంది. పెట్రోలు తక్కువ పోయించుకున్నవాడు తన మొహం శుభ్రంగా చూసుకోవచ్చు." కప్పు పెట్టేసి మొక్కల దగ్గరికి వెళ్ళిపోయారు.

మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో నమూనాలు తీస్తుంది. చెప్పులేసుకుంటూ, "నేను సూది గుచ్చేముందు నవ్వుతాను, గుచ్చాక నవ్వను. నాకెన్ని వేస్తారు?" అంది. జవాబు కోసం ఆగలేదు.


మార్చి 6, గురువారం

నవ్వలేదు అన్నది వాస్తవం.


మార్చి 8, శనివారం

ఎనభై ఏడోసారి బంకుకి. బైపాస్ రోడ్డు మలుపులోది. అంతకుముందు రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ తొంభై దాటింది.

ఈ సంస్థ బంకుల్లో ఏడాదిగా వచ్చిన మార్పు నేను కళ్ళారా చూశాను. మొదట్లో టోపీలు ఉండేవి కావు. ఇప్పుడు నా బండి మలుపు తిరిగేసరికి అందరి తలల మీదా ఉంటున్నాయి. పలకరింపు సగటున నాలుగు సెకన్లలో వస్తోంది. బాత్రూంలో సబ్బు మీద కాయితం కూడా ఊడదీయలేదు, అంత కొత్తది. ఇదంతా నా రిపోర్టుల ఫలితం అని గతవారం ఇదే డైరీలో రాసుకున్నాను. ఆ పేజీ చింపాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

జరిగింది ఇది. పెట్రోలు పోయించుకున్నాను. బిల్లు తీసుకున్నాను. బాత్రూం ఎక్కడని అడగబోతుంటే గాలి కొట్టే ఆయన దూరం నుంచే కేకేశాడు.

"సబ్బు పెట్టాం సార్, అద్దం తుడిచాం. వెళ్ళి చూసుకుని వచ్చేయండి. గాలి గొట్టం రెడీగా పెడతా."

నేను ఇంకా ఏమీ అడగలేదు.

దగ్గరికెళ్ళాను. యాభై అయిదేళ్ళుంటాయి. గొట్టం చక్రానికి పెట్టి వెంటనే తీసేశాడు.

"కొట్టలేదే?"

"మీ బండికి గాలి ఎప్పుడు తగ్గింది సార్? వారానికి రెండు బంకుల్లో కొట్టించుకుంటారు. ఇంకా కొడితే పేలుద్ది."

"నేనెవరో మీకు తెలుసా?"

"బాత్రూం సారు కదా మీరు."

ఇరవై రెండేళ్ళ వృత్తిలో నాకు చాలా పేర్లు పెట్టారు. ఒక కార్పొరేటరు ఏకంగా సభలోనే పెట్టాడు. ఇది మాత్రం కొత్తది.

"మీరేం అనుకోకండి సార్," అన్నాడు గొట్టం చుడుతూ. "మామూలోడు పోయించుకుని పోతాడు. ఒకడు బిల్లు అడుగుతాడు. ఇంకొకడు బాత్రూం అడుగుతాడు. మరొకడికి గాలి కావాలి. మూడు లీటర్లు పోయించుకుని, బిల్లు అడిగి, బాత్రూంకెళ్ళి, గాలి కొట్టించుకుని, ఇవన్నీ వరసగా చేసే మనిషి ఈ భూమ్మీద మీరొక్కరే. రెండో నెల్లోనే దొరికిపోయారు. మీ బండి ఫొటో మా ఫోన్లన్నిట్లో ఉంది."

ఆ వరస నా తెలివి కాదు. సంస్థ వాళ్ళ సూచనల పుస్తకంలో నాలుగో పేజీలో ఉంది. మామూలు కస్టమరులా కనబడటానికి పాటించాల్సిన క్రమమట.

బండి ఎక్కబోతూ అడిగాను. "డిపో బంకులో మూడో పంపు ఆవిడ... ఆవిడకి కూడా తెలుసా, నా సంగతి?"

"తెలీకపోవడమేంటి సార్. ఆ పేరు పెట్టిందే ఆవిడ."


మార్చి 8, సాయంత్రం

తెలిసే చెప్పింది.


మార్చి 10, సోమవారం

గాలాయన అడ్రసు ఇచ్చాడు. ఇచ్చే ముందు, "మళ్ళీ మార్కులేయడానికి కాదు కదా?" అని అడిగాడు.

ఆవిడ వాళ్ళ అక్క కుట్టుమిషన్ల షాపులో చొక్కాలకి గుండీలు కుడుతోంది. ఇరుకు గది, రెండు మిషన్లు, ఒక ఫ్యాను. నన్ను చూసి సూది ఆపలేదు.

"రండి బాత్రూం సారూ. ఇక్కడ బాత్రూం లేదు, పక్కవాళ్ళది వాడుకుంటాం. ముందే చెప్తున్నా, రాసుకోండి."

వాళ్ళక్క స్టూలు జరిపింది. కూర్చున్నాను.

"ఎలా ఉన్నారు?" అన్నాను. అనుభవజ్ఞుడైన రిపోర్టరు అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"చాలా బావున్నా సార్. గుండీలు నవ్వమని అడగవు."

"నన్ను గుర్తుపట్టే చెప్పారా, రెండోదాంట్లో పోయించుకోమని?"

దారం కొరికింది. "మామూలు వాళ్ళకి ఒకసారి చెప్తాను. వింటే వింటారు, లేకపోతే లేదు. మీకు మూడుసార్లు చెప్పాను."

మూడుసార్లు. రిపోర్టులో నేనే లెక్కపెట్టి రాశాను.

"మూడో పంపు తక్కువ పోస్తోంది సార్. నాలుగు నెలలైంది. రోజూ వచ్చే ఆటోవాళ్ళు నా మొహం మీదే దొంగ అనేవాళ్ళు. మేనేజరుకి రెండుసార్లు చెప్పాను. నీ పని పొయ్యడం, కొలవడం కాదు అన్నాడు. రిజిస్టర్లో రాశాను. మర్నాటికి ఆ పేజీ లేదు. అప్పుడు మీరొచ్చారు. పేపర్లో చేశారని గాలాయన చెప్పాడు. పేపరోడికి ఒక్క ముక్క చాలు, ఎందుకమ్మా అని అడుగుతాడు అనుకున్నా. మేనేజరు పదడుగుల్లో నిలబడ్డాడు, నోటితో చెప్పలేను. మీరు ఎందుకు అని అడిగితే బిల్లు వెనకాల రాసిద్దామని పెన్ను కూడా పట్టుకున్నా."

"నేను అడగలేదు."

"మీరు బాత్రూం ఎక్కడ అని అడిగారు."

వాళ్ళక్క మిషను తొక్కడం ఆపేసి నవ్వాపుకుంది. నేను నా చేతుల వైపు చూసుకున్నాను.

"పైవాళ్ళు మీ మాట వింటారని నమ్మాను సార్. విన్నారు. ఆ మాట ఒప్పుకోవాలి."

"బద్ధకం అనుకున్నాను," అన్నాను. ఎందుకన్నానో తెలీదు. దాచినా బావుండేది.

"నలభై ఆరేళ్ళు నాకు. పన్నెండు గంటలు నిలబడతాను. బద్ధకం!" అని వాళ్ళక్క వైపు తిరిగింది. "విన్నావా అక్కా? ఇంట్లో ఈ మాట ఎవరూ అనలేదే ఇప్పటిదాకా." అప్పుడు నవ్వింది. బాగా నవ్వింది. ఫారం నా దగ్గర లేదు.

ఆ తర్వాత కాయితం తీసి చూపించింది. తీసేసిన రోజు నుంచి పద్నాలుగు రోజుల్లో అప్పీలు పెట్టుకోవచ్చు. పెట్టింది. 17న పిలిచారు. రుజువు తెమ్మన్నారు. ఓడిపోతే ఈ సంస్థ బంకుల్లో ఎక్కడా మళ్ళీ తీసుకోరు. ఊళ్ళో ఉన్నవి దాదాపు వాళ్ళవే.

"నా దగ్గరున్న రుజువల్లా మీ రిపోర్టే. అందులో నేను నవ్వలేదని ఉంది."


మార్చి 11, మంగళవారం

సంస్థకి ఫోన్ చేశాను. కోఆర్డినేటర్ అమ్మాయి ఎత్తింది. ఏడాదిగా మాట్లాడుతున్నాం, ఎప్పుడూ మొహం చూడలేదు. గొంతు మాత్రం నూటికి నూరు.

"మార్చి ఒకటి రిపోర్టు సవరించాలమ్మా."

"సవరణకి నలభై ఎనిమిది గంటలే సార్ గడువు. అయిపోయింది."

"అందులో తప్పుంది."

"మీ రిపోర్టుల్లో తప్పులుండవు సార్. మీరు ఈ మూడు నెలలకి ఉత్తములు."

"పంపు తక్కువ పోస్తోందని ఆవిడ నాకు చెప్పడానికి ప్రయత్నించింది. ఎక్కడ రాయాలి?"

"ఇతర వ్యాఖ్యలు అని ఒక గడి ఉంటుంది సార్. రెండు వందల అక్షరాలు. కానీ ఫైలు మూసేశాక ఆ గడి తెరుచుకోదు."

"అయితే పదిహేడున అప్పీలుకి నేనే వచ్చి చెప్తాను."

కీబోర్డు చప్పుడు వినబడింది.

"మీరు రాలేరు సార్. మా రికార్డుల్లో 417 ఉన్నారు, మీరు లేరు. మీరే ఆ 417 అని బయటపెడితే ఆరో షరతు ప్రకారం 417 కూడా ఉండరు."

"నేనెవరో బంకుల్లో గాలి కొట్టే ఆయనతో సహా అందరికీ తెలుసమ్మా."

"అది అనధికారికం సార్."

పెట్టేసే ముందు, ఈ ఫోన్ కాల్‌కి ఐదుకి ఎన్ని మార్కులు వేస్తారని అడిగింది. ఐదూ వేశాను. అమ్మాయి తప్పేం లేదు.

సాయంత్రం మా ఆవిడకి చెప్పాను, వెళ్తే ఈ పని పోతుందని. కూరగాయలు తరుగుతూ వింది.

"ఏడాదిగా ఊళ్ళో బాత్రూం అద్దాలన్నీ చూసొచ్చారు. మనింట్లో అద్దం పగిలి నాలుగు నెలలైంది. పని పోతే దాని వైపు కూడా ఓసారి చూస్తారు."

దీన్ని అనుమతి అని రాసుకుంటున్నాను.


మార్చి 12, బుధవారం

ఉదయం తొమ్మిదిన్నరకి మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుడ్డసంచిలో కొలత డబ్బా పెట్టుకుని, నా బండి వెనక కూర్చున్నారు. "మా రోజుల్లో జీపులో వెళ్ళేవాళ్ళం. జీపు చూసి దొంగలు పారిపోయేవాళ్ళు. మిమ్మల్ని చూసి టోపీ పెట్టుకుంటారు, అంతే తేడా" అన్నారు దారిలో.

మూడో పంపు దగ్గర కొత్తమ్మాయి. "నమస్కారం సార్! సున్నా చూడండి సార్!" రెండు సెకన్లలోపే. నవ్వు ఇటు చెవి నుంచి అటు చెవి దాకా ఉంది. ఇరవై ఎనిమిదికి ఇరవై ఎనిమిది.

"ఐదు లీటర్లు కొలిచి చూపించు తల్లీ" అన్నారు మామగారు.

అమ్మాయి నవ్వు అలాగే పెట్టుకుని మేనేజరు గది వైపు పరిగెత్తింది. నల్లద్దాల మేనేజరు వచ్చాడు.

"కొలత డబ్బా సీలు వేయించడానికి పంపాం పెద్దాయనా. వచ్చేవారం రండి."

"ఫర్వాలేదు, నాది తెచ్చుకున్నా."

మేనేజరు నల్లద్దాలు తీసి నన్ను చూశాడు. మొహంలో కోపం కన్నా బాధ ఎక్కువ కనిపించింది.

"సార్, మీరు... మీరిలా ఎదురుగా వచ్చి అడగొచ్చా? మీరు రహస్యం కదా!"

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేంటి సార్, అందరికీ తెలిసిందే. రహస్యానికి కూడా ఓ మర్యాద ఉంటుంది కదా!"

అప్పటికే వెనక లైనులో హారన్లు మొదలయ్యాయి. కొలత అనగానే ఆగిపోయాయి. నలుగురు బళ్ళు దిగి వచ్చారు. 'ఫోన్లు వాడరాదు' అన్న బోర్డు కింద నిలబడి ముగ్గురు వీడియో తీశారు.

వాస్తవాలు: మూడో పంపు, మీటరు 5.00. డబ్బా మెడ మీద ఒక గీత ఉంటుంది. పెట్రోలు ఆ గీతకి చాలా కిందే ఆగింది. మామగారు వంగి చూసి, "నూట డెబ్బై మిల్లీలీటర్లు తక్కువ," అన్నారు. "మేం పాతిక దాకా క్షమించేవాళ్ళం." ఆ పెట్రోలు నా బండిలో పోశాం. రెండో పంపు, మీటరు 5.00. సరిగ్గా గీత మీద.

"ఎండకి ఆవిరైపోతుంది పెద్దాయనా," అన్నాడు మేనేజరు.

"రెండో పంపు నీడలో ఉందా?"

రెండూ ఒకే రేకు కింద ఉన్నాయి.

రెంటికీ బిల్లులు తీసుకున్నాను. మామగారు మూడో పంపు మీటరుకున్న సీలు నంబరు చొక్కా జేబులోని పుస్తకంలో రాసుకున్నారు. సోమవారంలోగా ఎవరైనా ఆ సీలు తెంపితే అది ఇంకో కేసట. తన డబ్బా కొలత ఆఫీసులో చెల్లదు, దాని ముద్ర గడువు ఆరేళ్ళ క్రితమే తీరింది, శాఖ వాళ్ళే రావాలి అని ఇంటికొచ్చాక చెప్పారు. అక్కడ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"వాళ్ళ ఫారంలో లేదు" అన్నారు.

ఈసారి బాత్రూంకి వెళ్ళలేదు.


మార్చి 13, గురువారం

మామగారు పాత ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చారు. ఆయన కింద పనిచేసిన కుర్రాడు ఇప్పుడు ఆఫీసరట. కుర్రాడికి యాభై రెండేళ్ళు.


మార్చి 14, శుక్రవారం

దీన్ని పశ్చాత్తాపం అనను. తప్పు వార్త వేస్తే మర్నాడు ఐదో పేజీలో కింద మూల సవరణ వేసేవాళ్ళం. ఇదీ అంతే. అదే పద్ధతిలో రాశాను. ఐదుసార్లు కొట్టేసి మళ్ళీ రాయాల్సి వచ్చింది, అంతకుమించి ఇబ్బంది లేదు.

"సవరణ: మార్చి 1 నాటి నివేదికలో మూడో పంపు సిబ్బంది అమ్మకాన్ని 'నిరుత్సాహపరిచారు' అని పొరపాటున రాశాను. 'హెచ్చరించారు' అని చదువుకోగలరు. ఎందుకని అడగకపోవడం నా తప్పు."

కింద 417 అని రాసి, కొట్టేసి, పేరు పెట్టి సంతకం చేశాను. లెక్కపెడితే రెండు వందల అక్షరాల లోపే వచ్చింది. ఆ గడిలో పట్టేది.

మధ్యాహ్నం కుట్టుమిషన్ల షాపుకి వెళ్ళి నకలు ఇచ్చాను. రెండుసార్లు చదివింది. "పేపర్లో ఎప్పుడూ చిన్నగా వేస్తారు ఇవి" అంది. ఆ వీడియోల్లో ఒకటి గాలాయన ఆవిడకి పంపాడట. వాళ్ళ మేనేజరు నల్లద్దాలు లేకుండా ఉండటం మొదటిసారి చూసిందట.

బాత్రూం అద్దం బిగించాను. కొంచెం వంకరగా వచ్చింది. మా ఆవిడ అరవై వేసింది.


మార్చి 16, ఆదివారం

మామగారు డబ్బా సబ్బుతో కడిగి ఎండలో బోర్లించారు. మొక్కలకి ఇవాళ బకెట్టుతో పోశారు. ఎంత పోశారో తెలీదని విసుక్కున్నారు.

రేపు ఎనిమిదిన్నరకి మూడో పంపు దగ్గర తూనికల శాఖ ఆఫీసరు, ముద్ర ఉన్న డబ్బాతో. మామగారు కూడా వస్తానంటున్నారు, పాతది తీసుకుని, సరిపోల్చడానికట. పది గంటలకి సంస్థ ప్రాంతీయ కార్యాలయం, రెండో అంతస్తు, ఆవిడ అప్పీలు. సాక్షిగా నా పేరు ఇచ్చాను. నంబరు ఇవ్వలేదు.

ఆవిడ పావుగంట ముందే వస్తానంది. నవ్వనని కూడా ఇప్పుడే చెప్పేసింది.